ఇంటీరియర్ ప్రాజెక్టుల ఫర్నిచరును నగరంలో ఎక్కడ దింపించుకోవాలి, ఎవరి బాధ్యతలో ఉంచాలి?

ప్రశ్న: కూకట్‌పల్లి నుంచి ఒక డిజైనరు

నమస్కారం. హైదరాబాదులో నలుగురం కలిసి ఒక చిన్న ఇంటీరియర్ డిజైన్ సంస్థను ఆరేళ్లుగా నడుపుతున్నాం. మా పనిలో ఎక్కువ భాగం సైటులోనే జరిగే వడ్రంగి పని కావడం వల్ల ప్లైవుడ్డు, లామినేట్లు, హార్డ్‌వేరు ఏ వారానికి కావలసినవి ఆ వారం నేరుగా సైటుకే వచ్చేవి, వచ్చిన వారంలోనే ఖర్చయిపోయేవి. తయారైన ఫర్నిచరును బయటి ఊళ్ల నుంచి తెప్పించి అమర్చే ప్రాజెక్టును ఈ ఏడాదే మొదటిసారి చేపట్టాం.

కోకాపేటలో 22వ అంతస్తులోని ఫ్లాటు అది. జోధ్‌పూర్ నుంచి ఎనిమిది అడుగుల మామిడి చెక్క డైనింగ్ టేబులు, బెంగళూరు నుంచి రెండు సోఫాలు, కిషన్‌గఢ్ నుంచి కన్సోల్ టేబులుకు (గోడ పక్కన వేసే సన్నటి బల్లకు) పాలరాతి పలక జులైలో పది రోజుల తేడాతో దిగాయి. అప్పటికి ఫ్లాటులో రంగుల పని పూర్తి కాలేదు, సామాన్లకు వాడే లిఫ్టును అసోసియేషన్ వారు మాకు ఇంకా ఇవ్వలేదు. వేరే దారి కనిపించక, యజమాని అనుమతితో, సెల్లార్‌లో ఆయనకు కేటాయించిన కారు పార్కింగు స్థలంలో అన్నింటినీ ఉంచి టార్పాలిన్ కప్పాం. పది రోజులనుకున్నది ఐదు వారాలైంది. విప్పి చూసేసరికి టేబులు పై చెక్క అడ్డంగా వంగి ఉంది, ఒక సోఫా వెనుక వైపు గుడ్డకు బూజు పట్టింది, పాలరాతి పలక ఒక మూలన పగిలి ఉంది. పలక దారిలో పగిలిందా, సెల్లార్‌లో పగిలిందా అన్నది ఇప్పుడు తేల్చలేకపోతున్నాం. లారీ రసీదు మీద మా కుర్రాడు ఏమీ రాయకుండా సంతకం చేశాడు కనుక సరుకు బాగానే చేరినట్టు లెక్క అని రవాణా సంస్థ అంటోంది. అమ్మినవారు తమ గేటు దాటాక తమకు సంబంధం లేదంటున్నారు. యజమాని మా ముఖం చూస్తున్నారు, అందులో ఆయన తప్పేమీ లేదు.

సరుకును ఎక్కడ, ఎవరి చేత దింపించుకోవాలి? సైటు సిద్ధమయ్యేదాకా ఎలా నిల్వ చేయాలి? ఆ ఖర్చును, నష్టాన్ని ఎవరు భరించాలి? ఈ మూడింటి మీద అనుభవం ఉన్నవారు చెప్పగలరని మనవి.

జవాబు: బంజారాహిల్స్ నుంచి ఒక సీనియరు డిజైనరు

మీకు జరిగినది దాదాపు ఇదే వరుసలో నాకూ ఒకసారి జరిగింది. అందుకే నిల్వ గురించి కాకుండా, దానికి ముందున్న గంటసేపటి గురించి మొదట చెబుతాను. సరుకు దిగిన రోజున విప్పి చూడకపోతే ఆ తరువాత ఎంత మంచి గోదాములో పెట్టినా ప్రయోజనం ఉండదు. ఏ దెబ్బ ఎవరి చేతిలో తగిలిందో చెప్పగలిగేది ఆ ఒక్క గంటలోనే.

లారీ వచ్చినప్పుడు డ్రైవరు తొందరపెడతాడు, హమాలీలు తమ కూలి లెక్క చూసుకుంటారు, మన తరఫున నిలబడినవాడికి పెట్టెలు లెక్కపెట్టడమే పని అనిపిస్తుంది. అక్కడ నిలబడే మనిషికి మూడు విషయాలు ముందే నేర్పాలి. లారీలో ఉండగానే పెట్టెలను ఫోటోలు తీయాలి. నొక్కుకుపోయిన మూల, తడిసిన అట్ట, తెగిన పట్టీ ఏది కనిపించినా రసీదు అన్ని ప్రతుల మీదా తెలుగులోనైనా సరే రాసి, డ్రైవరు సంతకం తీసుకోవాలి. విప్పడానికి డ్రైవరు ఆగనంటే ‘విప్పి చూడకుండా తీసుకున్నాం’ అని రాసి, అదే రోజు విప్పి, కనిపించిన నష్టాన్ని ఫోటోలతో సహా అమ్మినవారికీ రవాణా సంస్థకూ ఈమెయిలు పంపాలి.

మీ పలక విషయంలో దారి పూర్తిగా మూసుకుపోలేదు. రోడ్డు రవాణాదారులకు వర్తించే 2007 నాటి చట్టం ప్రకారం, సరుకు బుక్ చేసిన తేదీ నుంచి 180 రోజులలోగా నష్టం గురించి లిఖితపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. ఇవ్వకుండా దావా వేయడానికి వీలులేదు. మీకు ఇంకా గడువు ఉంది కనుక నోటీసు ముందు పంపండి, వాదన తరువాత చేయవచ్చు. అయితే ఎక్కువగా ఆశ పెట్టుకోవద్దు. సరుకు విలువను ప్రకటించి అదనపు రేటు కట్టకపోతే రవాణాదారు బాధ్యతకు పరిమితి ఉంటుంది. 2011 నాటి నియమాలు దానిని రవాణా ఛార్జీకి పది రెట్లుగా పెట్టాయి. ఖరీదైన పలకకు ఆ మొత్తం ఏ మూలకూ సరిపోదు. అందువల్ల పెద్ద వస్తువులకు దారి బీమా విడిగా తీసుకోవడం మంచిది.

సైటును గోదాముగా వాడటం నేను మానేసి చాలా కాలమైంది. రంగులవాళ్లు, పాలిషువాళ్లు, ఏసీవాళ్లు తిరిగే ఇంట్లో కొత్త సోఫా ఉంటే దాని మీద ఎవరో ఒకరు కూర్చుంటారు, ఎవరో ఒకరు నిచ్చెన ఆనిస్తారు. పనివారిని తప్పుపట్టి లాభం లేదు, ఆ వస్తువు అక్కడ ఉండవలసిన సమయం అది కాదు.

జవాబు: మేడ్చల్ వైపు గోదాము నడుపుతున్నవారు

మేడమ్, మేము డిజైనర్ల కోసం సరుకు దింపుకొని, విప్పి చూసి, నిల్వ చేసి, చెప్పిన రోజున సైటుకు చేర్చే పని చేస్తాం. మా వ్యాపారాన్ని ఇక్కడ ప్రచారం చేసుకోను కానీ, ఎక్కడ పెట్టుకున్నా పనికివచ్చే సంగతులు కొన్ని చెబుతాను.

ముందుగా, గోదాములన్నీ నగరం అంచున, అవుటర్ రింగు రోడ్డు దగ్గర ఉండటానికి కారణం అద్దె ఒక్కటే కాదు. పగటిపూట పెద్ద లారీలకు నగరంలో ఆంక్షలుంటాయి. జోధ్‌పూర్ లారీ నేరుగా కోకాపేట అపార్ట్‌మెంటుకు రావాలంటే అర్ధరాత్రి రావాలి, ఆ వేళకు అపార్ట్‌మెంటు గేటు తెరవరు. అదే లారీ మేడ్చల్‌లోనో శంషాబాద్‌లోనో ఖాళీ అయితే, అక్కడి నుంచి డీసీఎం వ్యానులోనో చిన్న ట్రాలీలోనో ఏ గదికి కావలసిన సామాను ఆ గదికి, లిఫ్టు దొరికే వేళకు తీసుకువెళ్లవచ్చు.

వస్తువు లోపలికి రాగానే ప్రతి ముక్కకూ ఒక చీటీ కట్టాలి. ప్రాజెక్టు పేరు, గది, ముక్క సంఖ్య, మొత్తం ఎన్ని ముక్కల్లో ఎన్నోది, వచ్చిన తేదీ, ఎలా ఉంది అన్నవి అందులో ఉండాలి. సోఫా కాళ్లు, మంచం బోల్టులు, తాళంచెవులు వేరే సంచిలో వస్తాయి. ఎక్కువగా పోయేవి ఇవే. ఆ సంచిని అదే వస్తువుకు కట్టి, దాని చీటీలోనూ రాస్తే అమర్చే రోజున వెతుకులాట తప్పుతుంది.

నిల్వలో పాడవడానికి మా ప్రాంతంలో ప్రధాన కారణం తేమ, దాని తరువాత వేడి. వానాకాలంలో సిమెంటు నేల చెమ్మను పైకి పంపుతుంది కాబట్టి ఏ వస్తువునూ నేరుగా నేల మీద పెట్టకూడదు. నాలుగైదు అంగుళాల ఎత్తున చెక్క పలకల మీద, గోడకు కనీసం అడుగు ఎడంగా ఉంచాలి. మీ సోఫాకు బూజు పట్టడానికి వాన నీరు తగలనక్కరలేదు. టార్పాలిన్ కింద గాలి ఆడక, లోపలి చెమ్మ బయటికి పోక బూజు పడుతుంది. గుడ్డ సోఫాలనూ తోలు సోఫాలనూ ప్రయాణంలో చుట్టి వచ్చిన ప్లాస్టిక్కును విప్పేసి, నూలు దుప్పటి కప్పాలి. ఇక మే నెలలో రేకుల షెడ్డులో వేడికి బబుల్ షీటు మెత్తబడి, పాలిషు మీద దాని బుడగల అచ్చులు గుండ్రంగా పడిపోతాయి. మళ్లీ పాలిషు చేయిస్తే తప్ప అవి పోవు. అందుకే పాలిషుకు ఆనేలా పలుచని ఫోము షీటు గానీ గుడ్డ గానీ ముందు చుట్టి, దాని పైనే బబుల్ వేయించమని అమ్మేవారికి ఆర్డరులోనే రాయండి.

పాలరాతి పలకలు, అద్దాలు, గాజు పలకలు పడుకోబెడితే తమ బరువుకే పగిలే ప్రమాదం ఉంది. వాటిని కొద్దిగా వాలుగా నిలబెట్టి, అడుగున చెక్క బద్దలు, మధ్యలో మెత్తటి అడ్డు ఉంచాలి. తివాచీలను మడవకూడదు, గొట్టానికి చుట్టి అడ్డంగా పడుకోబెట్టాలి. సోఫాను స్థలం కలిసివస్తుందని చేతి మీద నిలబెట్టడం చాలాచోట్ల చూస్తుంటాను. నెల గడిస్తే చట్రం కీలు కదులుతుంది. ఎలుకల సంగతి చెప్పకపోతే ఈ జవాబు అసంపూర్ణం: సోఫా అడుగున ఉండే నల్లటి పలుచని గుడ్డను కొరికి ఫోములో గూడు పెడతాయి, అమర్చిన తరువాత గానీ అది తెలియదు. అందుకే అడుగు భాగాన్ని పది రోజులకోసారి తిప్పి చూడాలి.

అపార్ట్‌మెంటు సెల్లార్ గురించి ఒక మాట. 2022 మార్చిలో భోయిగూడలో తుక్కు గోదాముకు నిప్పంటుకొని, దాని పైనే నిద్రిస్తున్న 11 మంది వలస కార్మికులు చనిపోయారు. 2023 నవంబరులో నాంపల్లి బజార్‌ఘాట్‌లో అపార్ట్‌మెంటు కింది అంతస్తులో ఉంచిన రసాయనాలు అంటుకొని పై అంతస్తుల కుటుంబాలు బలయ్యాయి. ఫోము, చెక్క, థిన్నరు డబ్బాలు కలిసి ఉన్న చోటు ఎంత చిన్నదైనా ప్రమాదకరమైనదే. మనుషులు నివసించే భవనం కింద వాటిని ఉంచకండి. మీరు అద్దెకు తీసుకోబోయే గోదాములో పనివారు రాత్రి పడుకుంటున్నారేమో కూడా వెళ్లి చూడండి.

జవాబు: విశాఖపట్నం నుంచి ఒక డిజైనరు

పైవారు చెప్పిన జాగ్రత్తలన్నీ సరైనవే, కానీ నా అభిప్రాయం కొంత వేరు. ఏడాదికి రెండు మూడు ఇళ్లు చేసే సంస్థ గోదాము వెతకడం కంటే ఆర్డరు తేదీలను సరిచేసుకోవడం మేలు. సముద్రం పక్కన ఉండటం వల్ల ఇక్కడ నిల్వ మరీ కష్టం. సోఫా స్ప్రింగులు, డ్రాయరు ఛానెళ్లు, మంచం బోల్టులు గోదాములోనే తుప్పు పట్టడం మొదలుపెడతాయి. అందుకే నేను తయారీదారుతో ఒప్పందంలోనే రాయించుకుంటాను: వస్తువు తయారయ్యాక వీడియోలో చూపించాలి, నేను చెప్పేదాకా తమ దగ్గరే ఉంచాలి, చివరి విడత డబ్బు పంపే రోజున లారీ ఎక్కించాలి. సైటులో ఏసీ నడుస్తోందని, రంగుల చివరి కోటు ఎండిందని, లిఫ్టు అనుమతి చేతికి వచ్చిందని మూడు ఫోటోలు నాకు అందనిదే ఆ చివరి విడత పంపను.

దీనిలో ఇబ్బంది కూడా ఉంది, దాచను. చిన్న తయారీదారులకు స్థలం ఉండదు, నెల దాటితే మన వస్తువును ఆరుబయట వరండాలోకి నెడతారు. పండుగల ముందు లారీలు దొరకవు. అయినా ఒక్కసారి దింపి ఒక్కసారి ఎక్కించే వస్తువుకు తగిలే దెబ్బలు, రెండుసార్లు దింపి రెండుసార్లు ఎక్కించేదానికంటే తక్కువే.

మరొకటి, ఆర్డరు ఇవ్వడానికి ముందే అపార్ట్‌మెంటుకు వెళ్లి లిఫ్టు తలుపు వెడల్పు, ఎత్తు, లోపలి లోతు, ఫ్లాటు ముందరి వసారా మలుపు కొలవండి. ఎనిమిది అడుగుల టేబులు పై చెక్క 22 అంతస్తులు మెట్ల మీద ఎక్కవలసి వస్తే హమాలీలకు అది ప్రాణం మీదికి వచ్చే పని. సోఫానైతే రెండు భాగాలుగా చేయించుకోవచ్చు.

జవాబు: గోదాము నడుపుతున్నవారు

విశాఖ డిజైనరు గారు చెప్పింది ఒకే చోటు నుంచి వచ్చే సరుకుకు బాగా కుదురుతుంది. ఈ ప్రశ్నలో సరుకు మూడు రాష్ట్రాలకు చెందిన ముగ్గురి నుంచి వచ్చేటట్టు కనిపించినా, నిజానికి రాజస్థాన్ నుంచి ఇద్దరు, కర్ణాటక నుంచి ఒకరు. ముగ్గురి తేదీలూ ఒకే వారంలో కలవడం కష్టం. కలవకపోతే అమర్చే బృందం మూడుసార్లు రావాలి, లిఫ్టు అనుమతి మూడుసార్లు తీసుకోవాలి. నాలుగైదు చోట్ల నుంచి సరుకు వచ్చే ఇంటికి మధ్యలో ఒక చోటు తప్పదని నా అనుభవం.

జవాబు: జీఎస్టీ లెక్కలు చూసే ఒక అకౌంటెంటు

కాగితాల సంగతి ఎవరూ ప్రస్తావించలేదు కనుక చెబుతున్నాను, ఎందుకంటే లారీని దారిలో ఆపితే ఆ జాప్యమూ నిల్వ సమస్యే అవుతుంది.

సరుకు విలువ 50,000 రూపాయలు దాటితే ఈ-వే బిల్లు, అంటే రవాణాకు ముందు జీఎస్టీ కింద ఆన్‌లైన్‌లో తీసుకునే పత్రం, ఉండాలి. సాధారణ సరుకుకు ప్రతి 200 కిలోమీటర్లకూ ఒక రోజు చొప్పున దాని గడువు లెక్కిస్తారు. జోధ్‌పూర్ నుంచి హైదరాబాదుకు దాదాపు 1,500 కిలోమీటర్లని అనుకుంటే ఎనిమిది రోజులు. దారిలో జాప్యమైతే గడువు ముగిసే సమయానికి ఎనిమిది గంటల ముందు నుంచి, ముగిశాక ఎనిమిది గంటల వరకు మాత్రమే పొడిగించుకునే వీలుంటుంది. ‘సైటు సిద్ధంగా లేదు, రెండు రోజులు లారీని బయటే ఆపండి’ అని డ్రైవరుకు చెప్పేవారు ఈ లెక్క మరచిపోతుంటారు.

బిల్లు ఎవరి పేరున ఉందన్నది ముఖ్యం. మీ సంస్థ పేరున కొని యజమానికి తిరిగి బిల్లు వేస్తున్నట్టయితే, ఆ సరుకు ఉండే గోదామును మీ జీఎస్టీ నమోదులో అదనపు వ్యాపార స్థలంగా చేర్చండి. సరుకు రవాణా సంస్థ గోదాములోనే కొంతకాలం ఉండే సందర్భంలోనూ దానిని అలాగే చేర్చాలని 2018 సెప్టెంబరులో కేంద్ర పరోక్ష పన్నుల బోర్డు వివరణ ఇచ్చింది. అక్కడి నుంచి సైటుకు వెళ్లేటప్పుడు బిల్లు గానీ డెలివరీ చలానా గానీ వెంట ఉండాలి, విలువను బట్టి మళ్లీ ఈ-వే బిల్లు కూడా. మరోవైపు, గోదాము నడిపేవారు నమోదైనా కాకపోయినా ఎవరి సరుకు, ఎవరు పంపారు, ఎవరికి వెళ్లింది అన్న లెక్కలు ఉంచాలని జీఎస్టీ చట్టం 35వ సెక్షను చెబుతోంది. ఆ లెక్కలు చూపలేని గోదామును తీసుకోకండి.

నష్టం విషయంలో, మీరు మీ సరుకును ఇంకొకరికి అప్పగించినప్పుడు వర్తించేది 1872 నాటి కాంట్రాక్టు చట్టం. తన సొంత వస్తువును మామూలు వివేకం గల మనిషి ఎంత జాగ్రత్తగా చూసుకుంటాడో అంత జాగ్రత్త తీసుకోవాలని 151వ సెక్షను అంటుంది. అంతకు మించిన బాధ్యత కావాలంటే ఒప్పందంలో రాయించుకోవాలి. యజమాని సెల్లార్‌లో ఆయన అనుమతితో మీరే ఉంచుకున్నప్పుడు సరుకు మీ చేతిలో ఉన్నట్టే లెక్క అనిపిస్తుంది. దారి బీమా సాధారణంగా సరుకు గమ్యం చేరడంతో ముగుస్తుంది కాబట్టి నిల్వలో ఉన్న కాలానికి వేరే బీమా కావాలి.

జవాబు: డాలస్ నుంచి ఒక తెలుగు డిజైనరు

అమెరికాలో ఈ పనికి ప్రత్యేకంగా ‘రిసీవర్లు’ అనే గోదాము సంస్థలు ఉన్నాయి. డిజైనరు ఆర్డరు చేసినవన్నీ ఆ గోదాముకే వెళతాయి, వారు విప్పి, ఫోటోలు తీసి, నివేదిక పంపుతారు, ఇల్లంతా సిద్ధమయ్యాక ఒకే రోజున అమరుస్తారు. ఇక్కడ పార్సిల్ లారీల్లో వచ్చే సరుకుకు బయటికి కనిపించని నష్టాన్ని 5 రోజులలోగా తెలపాలన్నది వ్యాపారంలో అమల్లో ఉన్న నియమం. 2015కు ముందు అది 15 రోజులు ఉండేది. అందువల్ల విప్పి చూడటాన్ని వాయిదా వేయడం ఎవరికీ తోచదు.

ఖర్చు గురించి మీరడిగిన దానికి నా పద్ధతి చెబుతాను. దింపడం, చూడటం, నిల్వ, చేర్చడం అన్నవాటిని డిజైను రుసుములో కలపను, అంచనాలో వేరే వరుసగా చూపిస్తాను. అమర్చే తేదీ యజమాని వైపు నుంచి జాప్యమైతే ఆ తేదీ తరువాతి నిల్వ ఖర్చు ఆయనది, నా వైపు నుంచి అయితే నాది అని ఒప్పందంలో ఉంటుంది. మొదటిసారి ఈ వరుస చూసి కొందరు నొచ్చుకుంటారు. పని మొదలవకముందే చెబుతాం కనుక ఆ తరువాత గొడవ రాదు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. రవాణా సంస్థకు నోటీసు ఈ రోజే పంపాను. తరువాతి ప్రాజెక్టు అంచనాలో నిల్వను వేరే వరుసగా చేర్చాను, మేడ్చల్ వైపు రెండు గోదాములు శనివారం చూసి వస్తాను. పలకను, సోఫా గుడ్డను మా ఖర్చుతో మారుస్తామని యజమానికి చెప్పాను. ఒక్క సంగతి మిగిలింది: టేబులు పై చెక్కను కాపాడే మార్గం ఉందా? దాని మీద అడ్డంగా ఒక తిన్నని బద్ద ఆనిస్తే మధ్యలో చెక్కకూ బద్దకూ అర అంగుళం సందు కనిపిస్తోంది. రంధ్రాలు పెట్టి బిగించేస్తే సరిపోతుందని మా మేస్త్రీ అంటున్నారు.

జవాబు: ఫర్నిచరు తయారుచేసే ఒక వడ్రంగి

అమ్మా, బిగించవద్దని మీ మేస్త్రీకి చెప్పండి. ఇప్పుడు బలవంతంగా లాగి బిగిస్తే, చలికాలంలో చెక్క ఆరి కుదించుకునేటప్పుడు మధ్యలో నిలువునా చీలుతుంది.

ఆ చెక్కను గోడకు ఆనించి నిలబెట్టి ఉంటారు, లేదా ఒక ముఖం నేల వైపు ఉండేలా పడుకోబెట్టి ఉంటారు. పై ముఖానికి పూర్తి పాలిషు వేసి, అడుగు ముఖానికి ఒక్క కోటు వేసి వదిలేయడం మామూలే. అప్పుడు అడుగు వైపు నుంచే చెమ్మ ఎక్కి, ఆ ముఖం ఉబ్బి, చెక్క అడ్డంగా వంగుతుంది. పొడవునా వంగకుండా అడ్డంగానే వంగిందని మీరు రాశారు కనుక ఇది చెమ్మ వల్లనే అయి ఉంటుంది, తయారీ లోపం కాకపోవచ్చు.

గాలి ఆడే గదిలో, ఎండ తగలని చోట, సమానమైన ఎత్తున్న నాలుగు బద్దల మీద దానిని పడుకోబెట్టండి. రెండు ముఖాలకూ గాలి తగలాలి. బరువులు వెంటనే పెట్టకండి. తేమ కొలిచే చిన్న మీటరు దొరుకుతుంది, దానితో పై ముఖాన్నీ అడుగు ముఖాన్నీ వారానికోసారి చూసి రాసుకోండి. రెండు ముఖాల అంకెలు దగ్గరకు వచ్చి, 10, 12 శాతం మధ్య నిలకడపడేసరికి చాలా వంపు తనంతట తానే పోతుంది. దానికి ఆరు వారాలు పట్టవచ్చు, రెండున్నర నెలలూ పట్టవచ్చు. ఆ తరువాత అడుగు ముఖానికి పై ముఖంతో సమానంగా పాలిషు వేయించి, ఇనుప చానెల్ అడ్డంగా బిగించండి. అయితే చానెల్‌లో స్క్రూల రంధ్రాలు గుండ్రంగా కాక పొడవుగా, చెక్క వెడల్పు దిశలో ఉండాలి; వానాకాలంలో పెరిగి చలికాలంలో తగ్గేటప్పుడు ఆ రంధ్రంలో స్క్రూ జరగడానికి చోటు ఉంటుంది.

వంపు తగ్గేలోగా యజమాని ఇంట్లోకి దిగవలసి వస్తే తాత్కాలికంగా వేరే బల్ల ఇవ్వండి. ఈ చెక్కను మాత్రం ఏసీ గాలి నేరుగా తగిలే చోట పెట్టి త్వరగా ఆరబెట్టే ప్రయత్నం చేయకండి.